దోరగా ఉన్నప్పుడే కోసెయ్

అమ్మడూ,

ఆశీస్సులు. ఫొటో చూశాను. మీ మిద్దె పిట్టగోడ మీద సగం కొరికి వదిలేసిన టమాటా పండు, చుట్టూ గింజలు, తొక్కలు. అది ఉడత పనే. అలాగని మిగతా కాయలన్నీ కూడా ఉడతే పాడుచేస్తోందని అనుకోకు. ఏది తింటోందో తేల్చుకోకుండా మందులూ వలలూ కొంటే డబ్బు పోతుంది, కాయలూ పోతాయి.

ఉడత పగలే వస్తుంది. ఎర్రబడిన పండునే ఎంచుకుని, తెంపి, కాస్త ఎత్తైన చోటికి తీసుకెళ్లి తింటుంది. రాత్రి బాగున్న పండు తెల్లారేసరికి కొరికి ఉంటే మాత్రం ఎలుక. కుండీల సందుల్లో నల్లటి పెంటికలు వెతుకు, దొరుకుతాయి. పిగిలిపిట్ట పొడిచిన పండు కొమ్మకే వేలాడుతూ ఉంటుంది, ఒక పక్క గుంట పడి ఉంటుంది. పచ్చికాయకు గుండ్రటి కన్నం, దాని అంచున తడితడిగా పురుగు రెట్ట ఉంటే శనగపచ్చ పురుగు. తల కాయలోకి దూర్చి, వెనక సగం బయటపెట్టి తింటుంది కాబట్టి పొద్దున్నే చూస్తే చేతికే దొరుకుతుంది. ఇక కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోయిందనుకో, దానికి ఏ ప్రాణీ కారణం కాదు. ఒకరోజు కుండీ ఎండిపోయి, మర్నాడు నీళ్లు పొంగితే కాయ చివరికి క్యాల్షియం సరిగా అందదు. దానికి మందు కొట్టక్కర్లేదు, రోజూ ఒకే తీరుగా నీళ్లు పోస్తే చాలు.

ఉడతకూ పిట్టకూ పైసా ఖర్చు లేని ఉపాయం ముందే కోసెయ్యడం. పండు చెట్టునే ఎర్రగా మాగితేనే రుచి అని నీకు పట్టుదల ఉందని తెలుసు. కానీ కాయ అడుగున లేత గులాబీ రంగు తిరిగిందంటే మాగడం మొదలైపోయినట్టే. అప్పుడు కోసినా ఇంట్లో నాలుగైదు రోజుల్లో పండుతుంది, రుచిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. పళ్లెంలో ఒకే వరసలో పరిచి, ఎండ తగలని చోట పెట్టు. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, ఆ చలికి వాసన చచ్చిపోతుంది. హైదరాబాద్ ఎండల్లో ఇంకో లాభం కూడా ఉంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగా రాదు, పండు నారింజ రంగులోనే నిలిచిపోతుంది. అందుకే ఏప్రిల్‌లో మిద్దె మీదకంటే ఇంట్లోనే మంచి ఎరుపు వస్తుంది. రోజూ పొద్దున్నే ఒకసారి చూసి, రంగు తిరిగినవి కోసుకో.

అది కుదరకపోతే పంజరం కట్టాల్సిందే. నైలాన్ వల మీద డబ్బు పెట్టకు. ఉడత పళ్లకు అదెంతసేపు? కన్నాలు పెద్దగా ఉంటే పిట్టలు అందులో చిక్కుకుని చస్తాయి కూడా. కోళ్ల షెడ్డుకు కొట్టే అంగుళం మెష్ కూడా పనికిరాదు, పిల్ల ఉడతలు దూరిపోతాయి. అర అంగుళం గడుల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్ అడుగు. మూడడుగుల వెడల్పు రోలులో 23 అడుగులు చాలు.

నీ 15 అంగుళాల గ్రో బ్యాగులు నాలుగు పట్టేలా లెక్క వేశాను. అంగుళం పీవీసీ పైపులు ఐదు తీసుకో. షాపువాళ్లు పది అడుగులు అంటారు గానీ అది మూడు మీటర్లే, అంటే రెండు అంగుళాలు తక్కువ. రెండు పైపులను సగానికి కోసి, ఒక్కొక్కటి 4 అడుగుల 7 అంగుళాలకు కత్తిరిస్తే నాలుగు నిలువు కాళ్లు. మిగతా మూడింటి నుంచి 2 అడుగుల 9 అంగుళాల ముక్కలు ఎనిమిది తియ్యి. కచ్చితంగా మూడడుగులు కోస్తే జాయింట్లతో కలిసి ఫ్రేము మెష్ కంటే వెడల్పైపోతుంది, మూలల్లో సందు మిగులుతుంది. మూడు వైపులా పైపు పట్టే మూల జాయింట్లు ఎనిమిది కావాలి. మెష్‌ను నాలుగు పక్కలకు ఐదడుగుల ముక్కలు నాలుగు, పైకప్పుకు మూడడుగుల ముక్క ఒకటి కోసుకో.

కట్టడానికి బైండింగ్ వైరు వాడు, ఆరంగుళాలకో ముడి వెయ్యి. తెల్ల ప్లాస్టిక్ టైలు ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి. ముందు పక్క మెష్‌ను ఒక అంచున కట్టి, రెండో అంచును వైరు కొక్కేలతో తగిలిస్తే అదే తలుపు. ఎక్కువమంది పొరపాటు చేసేది అడుగునే. మిద్దెకు వాలు ఉంటుంది కాబట్టి ఒక పక్క పైపు కింద అంగుళం సందు తేలుతుంది, ఉడతకు అదే దారి. మెష్‌ను ఒకటి రెండు అంగుళాలు కిందకి వదిలి బయటికి మడిచి, మీద ఇటుకలు పేర్చు. ఈదురుగాలికి లేవకుండా పంజరాన్ని పిట్టగోడ కొక్కేనికి తాడుతో కట్టు. ఏ గుత్తీ మెష్‌కు ఆనకూడదు. ఆనితే బయట నుంచే కొరికేస్తుంది. కర్ర పాతి, కొమ్మల్ని లోపలికి లాగి కట్టు.

లోపల పూత రాలుతోందని కంగారుపడకు. టమాటా పువ్వు దానంతట అదే ఫలదీకరణ చెందుతుంది, కాస్త కదలిక చాలు. గాలి లేని రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి పదిలోపు పూగుత్తి కాడను వేలితో రెండు మూడుసార్లు తట్టు. మే నెల వేడికి రాలే పూతను మాత్రం ఎవరూ ఆపలేరు.

పాత సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు రెండు మూడు రోజులు పనిచేస్తాయి, తర్వాత పిట్ట వాటి మీదే వాలుతుంది. మిరపకారం నీళ్లు ఉడతకు మండుతాయి గానీ పిట్టకు ఆ మంట తెలియదు. పైగా వాన పడితే మళ్లీ మొదటికే. ఎలుకల మందు, ఎలుకల్ని పట్టే జిగురు అట్ట మాత్రం మిద్దె మీదకి తేవద్దు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లీ పోతుంది, జిగురుకు ఉడత అంటుకుంటే గంటల తరబడి గిలగిల్లాడుతుంది. నాకది ససేమిరా ఇష్టం లేదు. ఎలుకకు బోను చాలు.

పురుగు సంగతికి వస్తే, మెష్ దాన్ని ఆపలేదు. లేత ఆకుల మీద, పూత దగ్గర గుండుసూది తలకంటే చిన్న తెల్లటి గుడ్లు కనిపిస్తే వేలితో నలిపెయ్. పొద్దు వాలాక 1500 పీపీఎం గాఢత అని రాసి ఉన్న వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, నూనె విడిపోకుండా కాస్త కుంకుడు రసం కలిపి, ఆకు అడుగు కూడా తడిసేలా వారానికోసారి కొట్టు. కాయలోకి దూరాక ఏ మందూ దాన్ని అందుకోదు, ఆ కాయ తెంపి దూరంగా పారెయ్. కాయ గోళీ అంత అయ్యాక గుత్తికి ఆర్గాంజా అనే పల్చటి గుడ్డ సంచి కడితే పురుగూ పిట్టా రెండూ ఆగుతాయి. పూత మీద కట్టకు. వచ్చే పంటకు బంతి నారు ముందే పోసుకో. 45 రోజుల బంతి నారూ 25 రోజుల టమాటా నారూ ఒకేసారి నాటితే రెండూ కలిసి పూస్తాయి, శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతి పూలమీదే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఆ మొగ్గల్ని చూసి పురుగులు ఏరెయ్యాలి, లేకపోతే బంతే వాటికి పుట్టిల్లవుతుంది.

ఆకులు ముడుచుకుని, పసుపెక్కి, మొక్క గిడసబారిన కుండీ ఒకటి ఫొటో మూలన కనిపించింది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, దానికి వైద్యం లేదు. మొహమాటపడకుండా ఈ రోజే పీకి, సంచిలో మూతికట్టి పారెయ్. మిగతా కుండీల దగ్గర పసుపు జిగురు అట్టలు ఆకుల ఎత్తున వేలాడదీయి. అవి తెల్లదోమలాంటి చిన్న పురుగుల కోసమే గానీ, ఆ అట్టలు పంజరం లోపలే ఉండాలి, బయట పెడితే పిట్టలు అతుక్కుంటాయి.

మెష్ కోసేటప్పుడు అంచులు బ్లేడులా ఉంటాయి, తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. అల్లుడుగారికి కూడా చెప్పు. జాయింట్లు మీ దగ్గర దొరక్కపోతే ఫోన్ చెయ్, ఇక్కడి నుంచి పంపిస్తాను.

నాన్న