తుప్పు మరకకు యాసిడ్ సీసానా?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి చివరి కిరాణా కొట్టులో సబ్బుల పక్కన యాసిడ్ సీసాలు పేర్చి ఉంటాయి. ఎవరడిగినా ఇస్తారు. పేరు అడగరు, వయసు అడగరు. బడి దుస్తుల్లో ఉన్న పిల్లవాడు ఒక సీసా సంచిలో వేసుకుని వెళ్లడం నా కళ్లతో చూశాను. అలాంటి సీసాయే మా ఇంట్లో తెచ్చిన ముప్పు వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

వంటింట్లో స్టీలు సింకు పెట్టించి ఏడాది కాలేదు. అడుగున గోధుమరంగు మరకలు వచ్చాయి. మా ఇంట్లో పనిచేసే పెద్దావిడ ఎంత తోమినా పోలేదు. నాకు చెబితే ఖర్చని ఊరుకుంటానేమోనని, కొట్టువాడి సలహా మీద తన డబ్బుతోనే యాసిడ్ తెచ్చి పోసింది. కాలువ వాసన వస్తోందని ఆ ఉదయమే నేను సింకులో బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉన్నాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. "అమ్మా, ఊపిరాడటం లేదు" అంటూ ఆమె గుమ్మం పట్టుకుని కూలబడింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. తప్పు ఆమెది కాదు. బ్లీచింగ్ చల్లిన సంగతి నేను చెప్పలేదు, యాసిడ్ సంగతి అమ్మినవాడు చెప్పలేదు.

ఇంత జరిగాక సింకు బాగుపడిందా అంటే అదీ లేదు. ఆ రోజు తళతళలాడింది. వారం తిరిగేసరికి అడుగంతా సూదిమొనంత గుంటలు, వాటి చుట్టూ కొత్త తుప్పు.

స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం కలుపుతారు కాబట్టి పైన కంటికి ఆనని పొర ఒకటి ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. గీత పడినా గాలి తగిలితే ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. దాన్ని తినేసేది క్లోరైడ్. ఉప్పునీటి బోరు, బ్లీచింగ్, అన్నింటికంటే ఎక్కువగా ఈ సీసాల్లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేసే పని అదే. పైగా మనం చూసే మరకల్లో చాలావరకు సింకువి కానే కావు. ఇనుప పీచుతో తోమితే విరిగిన సన్నని ముక్కలు అక్కడే అంటుకుని తుప్పు పడతాయి. దోసె పెనమో కత్తిపీటో తడిగా రాత్రంతా వదిలేసినా అంతే. అలాంటి మరక స్టీలు పైపైన ఉంటుంది, దానికి యాసిడ్ అవసరమే లేదు.

వంటసోడాలో కాసిని నీళ్లు కలిపి ముద్దచేసి, స్టీలు మీద కనిపించే సన్నగీతల వెంట మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. మొండి మరకైతే వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన గుడ్డను పది నిమిషాలు దాని మీద పరిచి, శుభ్రంగా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడి లేకుండా తుడవడం చాలామంది మరిచిపోతారు, అసలు పని అదే. మా కొత్త సింకును ఇప్పుడు ఇలాగే చూసుకుంటున్నాం. ఇనుప పీచును ఇంట్లోకి రానివ్వడం లేదు.

సింకుల నాణ్యత గురించీ ఒక మాట. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక సరుకులో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, దానికి తుప్పు త్వరగా పడుతుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు గానీ, రెండూ దానికి పెద్దగా అంటుకోవు. కొనేవాళ్లకు తెలియాలంటే సింకు మీదే రకం చెక్కి ఉండాలి.

ఇక యాసిడ్ అమ్మకానికి నియమాలు లేవా? ఉన్నాయి. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో 2013 జులై 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొన్నవారి పేరు, చిరునామా రిజిస్టరులో రాయాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నారో అడగాలి. 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఉల్లంఘిస్తే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ 50,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మా కొట్టులో అప్పు పద్దుల పుస్తకం ఉంది, ఈ రిజిస్టరు మాత్రం లేదు.

మన రెండు రాష్ట్రాల్లోని ఆర్డీఓలు, సబ్ కలెక్టర్లు కిరాణా కొట్లను, సైకిళ్ల మీద వీధి వీధికీ తిరిగి అమ్మేవారిని తనిఖీ చేయించాలి. ప్రతి సీసా మీద "బ్లీచింగ్‌తో కలపరాదు, స్టీలుపై వాడరాదు" అని పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. చదువు రానివారి కోసం బొమ్మ కూడా వేయాలి. మా పెద్దావిడకు చదువు రాదు. ఆమె ఇప్పటికీ మా మూడో అంతస్తు మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగుతోంది.

ఇట్లు,
ఒక గృహిణి,
తూర్పు గోదావరి జిల్లా