రాకెట్ శిక్షణలో పిల్లల చేతులకు పనేదీ?

సంపాదకులకు,

అయ్యా, జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు మా ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన 'రాకెట్ తయారీ శిక్షణ' గురించి మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వార్తను, అంతకంటే ముఖ్యంగా దానితో వేసిన ఫోటోను, పది రోజులైనా మరిచిపోలేక ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఫోటోలో రాకెట్టు అతిథి చేతిలో ఉంది, పంపు ఉపాధ్యాయుని చేతిలో ఉంది, పిల్లలు చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆ రోజు నేనూ అక్కడున్నాను. రెండు గంటల్లో గంటన్నర శాలువాలకూ ఉపన్యాసాలకూ పోగా, బజారులో కొన్న రాకెట్టును ఒక్కసారి ఎగరేసి, చప్పట్లు కొట్టించి, 'తయారీలో శిక్షణ పొందినట్లు' పిల్లలందరికీ ధ్రువపత్రాలు పంచారు.

నిజంగా చేయించడానికి కావలసినవెన్ని? రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, రబ్బరు బిరడా, సైకిల్ ట్యూబు వాల్వు, గేజీ ఉన్న పంపు, రెక్కలకు నాలుగు అట్టముక్కలు. సీసాలో నీళ్లు పోసి, బిరడా బిగించి, పంపుతో గాలి ఎక్కిస్తే, ఆ గాలి నీళ్లను వెనక్కి చిమ్మి సీసాను పైకి లేపుతుంది. సగం నీళ్లు పోస్తే ఎంత ఎత్తుకు పోయింది, మూడో వంతు పోస్తే ఎంత, అసలు పోయకపోతే ఎందుకు కాస్త లేచి పడిపోయింది అని పిల్లవాడు తానే చూసుకొంటే, నీళ్లు ఎక్కువైతే వాటిని తోసే గాలికి చోటు తగ్గుతుందనీ, తక్కువైతే వెనక్కి చిమ్మడానికి సరుకే ఉండదనీ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. సీసా గాలిలో పల్టీలు కొట్టిందా, ముక్కు దగ్గర బంకమట్టి అంటించి మళ్లీ వదిలితే గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్లుండే బిందువు, ఎక్కడుండాలో వాడికి ఇక వల్లె వేయించనక్కరలేదు. 20 మీటర్ల దూరాన నిలబడి, దారానికి రాయి కట్టిన కోణమానినితో చూస్తే 45 డిగ్రీలు వచ్చిందనుకోండి, రాకెట్టు మన కంటి మట్టానికి 20 మీటర్ల పైకి పోయినట్లే. త్రికోణమితి ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకంటే జవాబు లేదు. ప్రమాదమంటారా, గాలి ఒత్తిడి గేజీ మీద 60 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాటకుండా చూసి, దూరం నుంచి తాడు లాగిస్తే చాలు.

అసలు భయం ప్రమాదమని కాదు, స్టాక్ రిజిస్టరు. వస్తువు విరిగితే ఎవరు సంజాయిషీ ఇవ్వాలన్న బెంగతో ప్రయోగశాల బీరువాలకు తాళాలు వేసుకొనే అలవాటు నా ఉద్యోగకాలం నుంచీ ఉన్నదే. పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారు చేసి నేర్చుకోవడానికి పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నారు కదా. ఈ మధ్య నేను చూసిన ఒక ల్యాబులో త్రీడీ ప్రింటరుకు గుడ్డ కప్పి, పర్యవేక్షకులు వచ్చిన రోజు మాత్రమే తీస్తున్నారు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టు లేచింది. అప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూ పెరిగిన ఊళ్లలోనే చర్య, ప్రతిచర్య అన్నవి రెండు మార్కుల ప్రశ్నగా మిగిలాయంటే ఎవరిని అనాలి?

అక్టోబరు 4 నుంచి ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు వస్తున్నాయి. అప్పుడైనా వేదిక మానేసి మైదానం చూపిస్తామంటే, నాలుగు పంపులూ నలభై ఖాళీ సీసాలూ నేనే తెస్తాను. శాలువా అక్కరలేదు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
సూళ్లూరుపేట