కుళాయి కొనేముందు ట్యాంకు ఎత్తు కొలవండి

సంపాదకులకు,

ఇల్లు కట్టుకునేవాళ్లు కుళాయిల్ని మెరుపు చూసి కొంటారు. బిగించాక ధార సన్నగా వస్తే నింద కంపెనీ మీదో ప్లంబర్ మీదో పడుతుంది. చాలాసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. మిద్దె మీది ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో ఎవరూ కొలవరు.

నీటి మట్టానికీ కుళాయి మూతికీ మధ్య నిలువు ఎత్తు 10 మీటర్లుంటే ఒత్తిడి సుమారు 1 బార్. అంటే మీటరుకు 0.1 బార్. మిద్దె మీద మీటరు ఎత్తు దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారనుకోండి. ట్యాంకులో అర మీటరు నీళ్లున్నాయి. అంతస్తు ఎత్తు 3 మీటర్లైతే, పై అంతస్తు బాత్‌రూమ్‌లో నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున ఉన్న షవర్‌కు దక్కేది 0.25 బార్ మాత్రమే. కింది అంతస్తు షవర్‌కైతే మరో 3 మీటర్లు కలిసి 0.55. ట్యాంకు వెయ్యి లీటర్లదా, ఐదు వేల లీటర్లదా అన్నదానితో ఒత్తిడికి పనిలేదు.

వేడినీ చల్లనూ ఒకే పిడితో కలిపే సింగిల్ లీవర్ మిక్సర్లకు, వెడల్పాటి రెయిన్ షవర్లకు చాలావాటికి కనీసం 0.5 నుంచి 1 బార్ కావాలి. లోపల నీటిని అదుపు చేసే కార్ట్రిడ్జ్ దారులు ఇరుకు. పై అంతస్తుకు వేడికీ చల్లకూ విడివిడి పిడులున్న మిక్సర్, చిన్న షవర్ నయం. పంపు పెట్టి సరిచేద్దామంటే చల్లనీళ్ల లైనుకు ఒక్కదానికే పెట్టకండి. మిక్సర్ తెరిచినప్పుడు చల్లనీళ్లు వేడి లైనులోకి ఎదురెక్కుతాయి. రెండింటికీ ఒకే ఒత్తిడి ఉండాలి, వేడి లైనులో నీళ్లు వెనక్కి పారకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి.

కొనేముందు కుళాయి బిగించే చోట పైపు నోరు పూర్తిగా తెరిచి 10 లీటర్ల బకెట్ పట్టండి. నిమిషంలో నిండితే వాష్‌బేసిన్‌కు బాగా సరిపోతుంది. రెండు నిమిషాలు పట్టిందంటే, ఎత్తు సరిపడా ఉంటే, లోపం పైపులో ఉంది: సన్నపైపు, ఎక్కువ ఎల్బోలు (పైపు మలుపులు), సగం మూసిన గేట్ వాల్వ్, లేదా పైపు పైకి లేచి దిగిన చోట చిక్కుకున్న గాలి. ఇక్కడ ప్రెషర్ గేజ్‌ని మాత్రం నమ్మకండి. కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు వాల్వ్ సగమే తెరిచినా ముల్లు పూర్తి ఒత్తిడే చూపిస్తుంది. నీళ్లు పారుతుండగా ఎంత పడిపోతుందో చూడాలి.

పైపు నోట బాగా వచ్చి కుళాయిలో సన్నగిల్లితే మూతి దగ్గరి జల్లెడ విప్పండి. కొత్త ఇంట్లో పైపుల్లోని ఇసుక, అతుకుల తుక్కు మొదటిరోజే అక్కడ చేరతాయి. కుళాయి బిగించకముందే లైను కడగని పనికి ఫలితమిది. కనెక్షన్ పైపునూ చూడండి. నట్టు అరంగుళమే అయినా లోపలి రంధ్రం తరచు 8 మిల్లీమీటర్లే.

తయారీదారులు డబ్బా మీద గ్యారంటీ ఏళ్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు. 0.3 బార్ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో కూడా అంతే పెద్దగా వేయాలి. అప్పటిదాకా ఆ అంకె చెప్పమని దుకాణంలోనే అడగండి.

– ప్లంబింగ్ పనుల పర్యవేక్షకుడు