పాత బండికి పికప్ లేదంటే ముందు ఎయిర్ క్లీనర్ తీసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వాహనాల పేజీ వచ్చిన రోజు నేను ముందుగా దాన్నే తీస్తాను. కొత్త కార్ల ధరలు, మైలేజీలు, ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు అన్నీ చదువుతాను. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న బండి గురించి మాత్రం అందులో ఒక్క ముక్క చదివి ఎన్నేళ్లయిందో. అలాంటి బండ్లతో బతుకు వెళ్లదీసుకునేవాళ్లం ఇంకా ఉన్నాం. అందుకే ఈ ఉత్తరం.

మాది మామగారు కొన్న పెట్రోలు జీపు. వెనుక సీట్లు తీసేసి, ఇనుప తొట్టి బిగించి చిన్న ట్రక్కులా వాడుకుంటున్నాం. మొయినాబాద్ దగ్గర ఎకరన్నరలో బంతి, చామంతి వేస్తాం. కోసిన పూలు తెల్లారేలోపు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలి. బండి నేనే నడుపుతాను.

పోయిన బతుకమ్మ రోజుల్లో, బంతిపూలకు మంచి ధర పలికే సమయంలోనే, బండి మొరాయించింది. లంగర్‌హౌజ్ దగ్గర పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కాను. ముందుకు కదలాల్సిన బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. కార్బురేటర్‌లోంచి భప్పుమని ఒక దగ్గు, ఆ వెంటనే మెడ విరిగేంత కుదుపు. వెనుక నుంచి వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. చిత్రమేమిటంటే నలభై వేగంలో నిలకడగా పోతుంటే ఏ ఇబ్బందీ లేదు. మెల్లగా తొక్కినా లేదు. ఒక్కసారిగా తొక్కినప్పుడే ఈ తడబాటు.

ముందు వెళ్లిన గ్యారేజీలో ఈ సంగతి చెప్పబోతే వినలేదు. ప్లగ్గులు మార్చారు, పాయింట్లు మార్చారు, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల జెట్లను బైండింగ్ తీగతో కెలికారు. మూడో రోజున ‘కార్బురేటర్ అయిపోయింది, కొత్తది తెప్పించాలంటే తొమ్మిదిన్నర వేలవుతుంది, దానికన్నా బండిని తుక్కుకు ఇచ్చేయడం మేలు’ అన్నారు. అదీ నాతో కాదు, పక్కన నిలబడ్డ మా అబ్బాయితో.

తెలిసినవాళ్లు చెబితే కార్వాన్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పానా పట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగారు: ‘ఒక్కసారిగా తొక్కితేనా, మెల్లగా తొక్కినా ఇంతేనా అమ్మా?’ నేను చెప్పింది విని, ఇంజను ఆపించి, ఎయిర్ క్లీనర్ విప్పి, టార్చిలైటు నా చేతికిచ్చారు. కార్బురేటర్ గొంతులోకి చూడమని చెప్పి, యాక్సిలరేటర్ లివరును చేత్తో గట్టిగా లాగారు. లాగిన మరుక్షణం లోపల సన్నని పెట్రోలు ధార చిమ్మాలట. మా బండిలో రెండు చుక్కలు కారి ఊరుకున్నాయి. జబ్బేమిటో తేలిపోయింది. పట్టిన సమయం రెండు నిమిషాలు.

ఆయన చెప్పిన కారణం ఇదీ. గాలి తేలిక, పెట్రోలు బరువు. లోపలి మూత ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి ముందు దూసుకుపోతుంది, పెట్రోలు దాన్ని అందుకోలేదు. ఆ అరక్షణం లోటు పూడ్చడానికే కార్బురేటర్ పక్కన చిన్న యాక్సిలరేటర్ పంపు ఉంటుంది. మేము తొక్కినప్పుడల్లా అది ఒక గుక్క పెట్రోలు అదనంగా అందించాలి. దాన్ని విప్పితే రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద డయాఫ్రం బయటపడింది. రబ్బరు పూసిన నల్లటి గుడ్డముక్క అది. మెత్తగా ఉండాల్సింది అప్పడంలా బిరుసెక్కింది. వేళ్ల మధ్య కాస్త వంచి వెలుతురుకు ఎత్తిపట్టాను. అంచు దగ్గర వెంట్రుకంత చీలికలోంచి ట్యూబ్‌లైటు కనిపించింది.

కొత్త డయాఫ్రం రాణీగంజ్‌లో రెండువందల ఎనభై రూపాయలకు దొరికింది. ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో చేసినదే అడిగి తీసుకోమన్నారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాతకాలపు రబ్బరుకు అది పడదు. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లతో గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పాలు ఇంకాస్త తగ్గి ఈ తడబాటు పెరుగుతుంది. గ్యారేజీలో తీగతో కెలికిన జెట్టును కూడా మార్చక తప్పలేదు. ఇత్తడి జెట్టు రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా లెక్క తప్పుతుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయాలే తప్ప తీగ పెట్టకూడదు.

ధార బాగానే చిమ్ముతున్నా బండి తడబడితే, కార్బురేటర్ కింద అతుకులోంచి గాలి చొరబడకుండా వేసే గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. ఇంజను నడుస్తుండగా అక్కడ నీటి తుంపర కొడితే శబ్దం మారుతుంది. కొందరు పెట్రోలు పోసి చూస్తారు. వేడి ఇంజను మీద ఆ పని ఎవరు చేయబోయినా ఆపండి. కొన్ని బండ్లలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం పగిలినా ఇదే గోల. మెల్లగా తొక్కినా, ఎత్తు ఎక్కేటప్పుడూ బండి నీరసిస్తుంటే ఫిల్టరు, పెట్రోలు పంపు, కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోటు వైపు చూడాలి.

కొత్త కార్లలో 2000 ప్రాంతం నుంచే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అప్పటికి ఇంకా పుట్టని పిల్లలు ఈ రోజు మెకానిక్‌లు. కార్బురేటర్ పని తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, నేర్పేవారు లేరు. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మోటారు సైకిళ్లలో చాలావాటికి కార్బురేటరే ఉండేది. అవన్నీ ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. కార్వాన్ పెద్దాయన దగ్గర ఇప్పుడు ఒక్క శిష్యుడూ లేడు. చేరిన ఇద్దరూ కంప్యూటర్ పెట్టి చూసే దుకాణాలకు వెళ్లిపోయారు.

మీ వాహనాల పేజీలో నెలకోసారైనా నాలుగు అంగుళాల చోటు పాత బండ్లకు ఇవ్వండి. ఇలాంటి పెద్దల దగ్గరికి మీ విలేకరిని పంపి, ఒక్కో జబ్బు గురించి వివరంగా రాయించండి. చీలిన డయాఫ్రం ఈ ఉత్తరంతోపాటు కవరులో పెట్టి పంపుతున్నాను. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఫొటో తీయిస్తే చీలిక స్పష్టంగా కనబడుతుంది.

ఇట్లు
మీ పాఠకురాలు, పూల రైతు
లంగర్‌హౌజ్, హైదరాబాద్