వార్షిక నివేదిక: గ్రీకు కుండలతో మన కళా విభాగం ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే కళకళలాడుతూ జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. మిగతా చోటంతా కళా విభాగానికే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది నా మనసంతా అక్కడే ఉంది.

లండన్‌లోనే ఉంటూ బ్రిటిష్ మ్యూజియంలోని ప్రాచీన గ్రీకు కుండల్ని ఇన్నేళ్లూ సరిగ్గా చూడలేదు మనం. ఈసారి వెళ్లినప్పుడు అందరం ఎక్కువసేపు నిలబడింది ఏథెన్స్ కుమ్మరి ఎక్సెకియాస్ చేసిన ఆంఫొరా (రెండు పిడుల పెద్ద జాడీ) దగ్గర. క్రీ.పూ. 540–530 నాటిది. మోకాళ్ల మీద కూలిన, గ్రీకు పురాణాల్లోని వీరవనితలైన అమెజాన్ల రాణి పెంథెసిలేయా గొంతులో గ్రీకు వీరుడు అకిలీస్ బల్లెం దించుతున్నాడు. అతని ముఖం శిరస్త్రాణం చాటున నల్లగా మునిగిపోయింది. ఆమె ముఖం మాత్రం తెల్లగా, పైకెత్తి, నేరుగా అతని కళ్లలోకే చూస్తోంది. అద్దం దగ్గరికి వంగితే ఆమె కప్పుకున్న చిరుతతోలు కూడా సన్నటి గీతల్లో తెలుస్తుంది. నల్లపూత మీద మొనదేలిన పనిముట్టుతో గీకిన గీతలవి. చేసింది ఎక్సెకియాస్ అని కుండ మీదే రాసి ఉంది.

ఆ నలుపు ఎలా వచ్చిందో పిల్లలకు చేసి చూపిద్దామని వర్క్‌షాప్ పెట్టాం. ఏథెన్స్ మట్టిలో ఇనుము ఎక్కువ. అలాంటి ఎర్రమట్టినే నీళ్లలో కలిపి, ముతక రేణువులు అడుగుకు దిగాక పైన మిగిలిన మెత్తటి తేటతో పిల్లలు గిన్నెల మీద చేపలు, గుర్రాలు వేశారు. దగ్గర్లోని ఒక స్టూడియోలో కరెంటు బట్టీలో కాల్పించాం. తలుపు తీస్తే అన్నీ ఎర్రగానే ఉన్నాయి! పిల్లల ముఖాలు చూడలేకపోయాం.

తప్పు మాదే. ఏథెన్స్ కుమ్మరులు ఒకే కాల్పులో గాలిని మూడు రకాలుగా నడిపించేవారు. ముందు గాలి ఆడనిస్తారు, అంతా ఎర్రబడుతుంది. తర్వాత పచ్చికట్టెలు వేసి గాలి దారులు మూసేస్తారు, వేడి 900 డిగ్రీలు దాటుతుంది, కుండ మొత్తం నల్లబడుతుంది. చివర్లో మళ్లీ గాలి వదిలితే మామూలు మట్టి ఎరుపుకి తిరుగుతుంది. తేట పూసిన చోటు అప్పటికే గాజులా బిగుసుకుపోయి గాలిని లోపలికి రానివ్వదు కాబట్టి నల్లగానే నిలిచిపోతుంది. థర్మామీటర్ లేని రోజుల్లో ఇదంతా! కరెంటు బట్టీలో పొగే లేదు, ఇక నలుపెక్కడ్నుంచి వస్తుంది?

అప్పటిదాకా ఎర్రటి నేపథ్యం మీద నల్లబొమ్మలు వేసేవారు. క్రీ.పూ. 520 దరిదాపుల్లో ఏథెన్స్‌వాళ్లు పద్ధతి తిరగేశారు. నేపథ్యానికి నల్లపూత వేసి బొమ్మను ఎరుపుగా వదిలారు. గీకే పనిముట్టు పోయి కుంచె వచ్చింది, ఒళ్లు మెలితిరగడం, కండరాలు, బట్టల మడతలు అన్నీ కుదిరాయి. మ్యూనిక్‌లో ఉన్న ఒక ఆంఫొరా మీద చిత్రకారుడు యూథిమిడీస్, సాటి చిత్రకారుణ్ని ఉద్దేశించి, "యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా చేయలేదు" అన్న అర్థంలో రాసుకున్నాడు. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి పిల్లలు తమ గిన్నెల అడుగున పేర్లు రాసుకుంటున్నారు.

వచ్చే వేసవిలో కట్టెల ఆవం పెట్టాలనుకుంటున్నాం. ఊరి బయట పెరడు ఉండి, పొగకు ఇబ్బంది లేని సభ్యులు దయచేసి కార్యదర్శికి చెప్పండి. పచ్చికట్టెలు మేం తెస్తాం.