పడుకున్నవాళ్లను వదిలి బ్లేడు పట్టినవాళ్లను పట్టుకోండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ వన్‌టౌన్‌లో మాది హోల్‌సేల్ బట్టల కొట్టు. లుంగీలు, తువ్వాళ్లు, దుప్పట్లు, నైటీలు అమ్ముతాం. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే వ్యాపారం. మా వీధిలో బ్లేడ్ బ్యాచ్ దాడుల మీద, ఆరుబయట పడుకునేవాళ్లకి చోటు లేకపోవడం మీద మా వీధి వ్యాపారులం అర్జీలు ఇచ్చీ ఇచ్చీ అలిసిపోయాం. ఇచ్చిన కొన్నాళ్లకు ఫోనుకి మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఎవరు వచ్చారో, ఏం చూశారో, ఏం పరిష్కరించారో మాకు తెలియదు. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను. హోం మంత్రి గారు కూడా చదవాలని నా కోరిక. ఇందులో సగం పని వారి శాఖదే.

బ్లేడ్ బ్యాచ్ అంటే ఏమిటో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మత్తు కోసం గంజాయి, వైట్నర్, నిద్రమాత్రలు, ఏది దొరికితే అది వాడే కుర్రాళ్లు. వేళ్ల మధ్య సగం విరిచిన బ్లేడు. డబ్బు ఇవ్వకపోతే మనల్ని కోస్తారు, పోలీసు పట్టుకుంటే తమ చెయ్యి తామే కోసుకుంటారు. ఆ రక్తం చూసి కానిస్టేబుల్ కూడా వెనక్కి తగ్గుతాడు, ఏదైనా అయితే తన ఉద్యోగం మీదకి వస్తుందని.

ఈ మధ్య జరిగింది చెబుతాను. మధిర వైపు ఒక ఊళ్లో చిన్న బట్టల కొట్టు నడుపుకునే ఒక అక్క చాలా ఏళ్లుగా మా దగ్గరే సరుకు కొంటారు. తెల్లవారుజామున రైలు దిగి, మా వీధికి నడిచొచ్చి, షట్టర్ తీసేదాకా మెట్ల మీద కూర్చుంటారు. మధ్యాహ్నానికి మూటలు కట్టించుకుని సాయంత్రం బండి ఎక్కేస్తారు. ఇలా వచ్చే చిల్లర వ్యాపారులే మాకు ఆధారం. వాళ్లు డబ్బు చేత్తో పట్టుకుని వస్తారని అందరికీ తెలుసు. బ్లేడు పట్టినవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఆ రోజు స్తంభానికి దీపం లేని మలుపు దగ్గర ముగ్గురు కుర్రాళ్లు అడ్డం వచ్చారు. బ్యాగు పట్టీ కోశారు. ఆవిడ వదల్లేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా గీశారు. బ్యాగు పోయింది. చెయ్యి చీరకొంగుతో చుట్టుకుని మా కొట్టు దాకా వచ్చి కూలబడ్డారు.

ఆవిడకి మంచినీళ్లు ఇచ్చింది, ఇంకో గుడ్డ తెచ్చి గట్టిగా కట్టింది, నాకు ఫోన్ చేసింది మా మెట్ల మీద పడుకునే, సరుకు మోసే ముఠా కార్మికుడు. ఈయన గురించి మళ్లీ చెప్పాలి, గుర్తుపెట్టుకోండి.

చేతికి కుట్లు వేయించి ఆవిణ్ని స్టేషన్‌కి తీసుకెళ్లాను. ఏ స్టేషనో ఇక్కడ రాయను, ఒక కానిస్టేబుల్‌ని బదిలీ చేయించడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ జరిగింది అన్నారు. చెప్పాం. అది రైల్వే వాళ్ల కిందికి వస్తుందేమో కనుక్కోండి అన్నారు. అక్కడికి వెళ్తే, రైల్వే గోడ బయట కాబట్టి మాది కాదు అన్నారు. మళ్లీ మొదటి చోటికి వస్తే, ఎంత డబ్బు, దానికి రుజువేమిటి, అంత పొద్దున్నే ఒక్కరే ఎందుకు నడిచొచ్చారు అని ఆవిడనే అడిగారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆవిడ లేచి నిలబడి, కేసొద్దులే అన్నయ్యా, నన్ను బండి ఎక్కించెయ్యి అన్నారు.

సార్, ఫిర్యాదులో నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితకుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. అది మీ పరిధా మా పరిధా అని బాధితుల్ని తిప్పకుండా ఉండటానికే కదా ఆ సెక్షన్ పెట్టింది? దాని మీద అవగాహన సదస్సులు పెట్టారు, ఫ్లెక్సీలు కట్టారు. చెయ్యి కోయించుకుని వచ్చిన ఆడమనిషికి మాత్రం అది పనికి రాలేదు.

ఇక అసలు సంగతి. ఈ దాడి మాట మా వాట్సాప్ గ్రూపుల్లో పాకింది. పెద్ద వ్యాపారులు ఎవరో పైవాళ్లతో మాట్లాడారు. మర్నాడు రాత్రి పోలీసు వాహనం వచ్చింది. మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ వాళ్లు ఎవర్ని పట్టుకెళ్లారో తెలుసా? మెట్ల మీద, షట్టర్ల ముందు, తోపుడు బండ్ల కింద నిద్రపోతున్నవాళ్లని. అందులో మా ముఠా కార్మికుడు కూడా ఉన్నాడు. వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, ఎక్కడివాడివి, ఇక్కడ ఎందుకు పడుకున్నావు అని గదమాయించారు. మర్నాడు మధ్యాహ్నం వదిలారు. అప్పటికి లారీలు దించేయడం అయిపోయింది, ఆ రోజు కూలి పోయింది. ముగ్గురు కుర్రాళ్లలో ఒక్కడూ దొరకలేదు. వాళ్లు మెట్ల మీద పడుకునే రకం కాదు. రాత్రంతా మేలుకుని తిరిగేవాళ్లు, వాహనం వెలుగు కనబడగానే సందుల్లోకి మాయమైపోతారు. పడుకున్నవాడు దొరుకుతాడు, ఎందుకంటే పడుకున్నాడు కాబట్టి.

ఆయన ఎందుకు మెట్ల మీద పడుకుంటున్నాడో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చిన మనిషి. వయసు యాభై దాటింది. సింగ్ నగర్‌లో రేకుల గది అద్దెకి తీసుకుని భార్యతో ఉండేవాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి గది మునిగింది. మంచం, బట్టలు, బియ్యం, కాగితాలు అన్నీ బురదలో కలిసిపోయాయి. ఇంటాయన మరమ్మతు చేయించుకుని అద్దె పెంచాడు. భార్యని ఊళ్లో కొడుకు దగ్గరికి పంపి, ఈయన మా మెట్ల మీదకి వచ్చాడు. పొద్దున మా బేళ్లు భుజాన మోసేది ఈయనే, రాత్రి మా తాళాలకి కాపలా ఉండేదీ ఈయనే. దీనికి జీతం లేదు, మేము అడగనూ లేదు. మా వీధిలో ఆరుబయట పడుకునేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే: ముఠా పని, రిక్షా, హోటల్లో అంట్లు కడిగే పని. కొందరికి మతి సరిగా లేదు, కొందర్ని పిల్లలు బస్టాండులో వదిలేసి వెళ్లారు. వీళ్ల దగ్గర సంపాదన దాచుకునే పెట్టె ఉండదు, పడుకునే చోటికి తలుపు ఉండదు. అందుకని బ్లేడ్ బ్యాచ్ చేతిలో అందరికంటే ఎక్కువ దోపిడీకి గురయ్యేది కూడా వీళ్లే. ఫిర్యాదు ఇవ్వరు. ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు చూశారు కదా.

షెల్టర్లు ఉన్నాయిగా అంటారు మీ అధికారులు. ఉన్నాయి సార్, కాదనను. లక్ష జనాభాకి ఒక వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఒక్కోదాంట్లో వంద మందికి చోటు ఉండాలని, మనిషికి యాభై చదరపు అడుగులు ఇవ్వాలని, నిరాశ్రయులు ఎక్కడ ఎక్కువగా ఉంటారో, ఎక్కడ పని చేస్తారో అక్కడికి దగ్గర్లో కట్టాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. 2011 లెక్కల్లోనే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. అంటే తక్కువలో తక్కువ వెయ్యి పడకలు. కాగితం మీద ఎన్ని ఉన్నాయో, రాత్రి పదకొండింటికి వాటి మీద ఎంతమంది పడుకుని ఉన్నారో, రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి. మా ముఠా కార్మికుణ్ని నేనే షెల్టర్‌కి వెళ్లమని పంపాను. ఆధార్ అడిగారు, అది బుడమేట్లో పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తామన్నారు, ఈయన పని అయ్యేసరికి పదిన్నర. తెల్లవారుజామున లారీ వచ్చినప్పుడు బయటికి పోనివ్వరు. సంచీ పెట్టుకోవడానికి తాళం ఉన్న అర లేదు. ఇంకేం ఉంటాడు, తిరిగొచ్చేశాడు.

ఇదంతా మీ శాఖకి తెలియని విషయం కాదు. మార్కెట్‌కి దగ్గర్లో ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న ఒక ప్రభుత్వ భవనాన్ని మేమే చూపించాం. ఒక అధికారి వచ్చారు, టేపు పెట్టి కొలిచారు, మరుగుదొడ్లు ఎక్కడ వస్తాయో గోడ మీద సుద్దతో గుర్తులు కూడా పెట్టారు. దసరాలోపు అయిపోతుంది, మీరు నిశ్చింతగా ఉండండి అన్నారు. మేము పొంగిపోయాం. దుప్పట్లు, తువ్వాళ్లు మేమిస్తాం, ఏటా మారుస్తాం అని అందరం సంతకాలు చేసి రాసిచ్చాం. దసరా వెళ్లింది. సంక్రాంతిలోపు అన్నారు. సంక్రాంతి వెళ్లింది. ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారు ఫైలు చూడాలి అన్నారు. ఫైలు ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర ఉందన్నారు, వాళ్లని అడిగితే నిధుల కోసం పైకి పంపామన్నారు, పైన అడిగితే కిందనుంచి రాలేదన్నారు. మళ్లీ దసరా వచ్చింది. ఆ భవనానికి తాళం అలాగే ఉంది. ఇప్పుడు దాని వెనక కిటికీ ఊచలు విరిచి ఆ బ్లేడ్ బ్యాచే లోపల కూర్చుంటోంది. నిరాశ్రయులకి ఇస్తామన్న చోటు వాళ్ల అడ్డా అయింది. ఇది రాస్తుంటే నాకు చెయ్యి వణుకుతోంది సార్.

దసరా అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఇంద్రకీలాద్రికి భక్తులు వచ్చే ముందు మా వీధుల్లోకి వ్యాన్లు వస్తాయి, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లని ఎక్కించుకుని పోతాయి. విజయదశమి అవ్వగానే వాళ్లు నడుచుకుంటూ తిరిగి వస్తారు, ఒకరిద్దరు తప్ప. ఆ ఒకరిద్దరు ఏమయ్యారో ఎవరూ చెప్పరు. గత్యంతరం లేక, పేదరికం వల్ల అడుక్కునేవాళ్లని రోడ్ల మీద నుంచి తొలగించమని తాము ఆదేశించలేమని 2021లో సుప్రీంకోర్టు అంది. మరి మనకెందుకు ఈ వ్యాన్లు?

మా వ్యాపారం సంగతి కూడా వినండి. ఒకప్పుడు రాత్రి పదింటిదాకా కళకళలాడే వీధి ఇప్పుడు ఎనిమిదిన్నరకే షట్టర్లు దించుకుంటోంది. కొట్లలో పనిచేసే ఆడపిల్లల్ని చీకటి పడకముందే పంపించమని వాళ్ల ఇళ్లనుంచి ఫోన్లు. పొద్దున్నే వచ్చే చిల్లర వ్యాపారులు, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టండి, సరుకు పార్సిల్ వెయ్యండి అంటున్నారు. ఫొటోలోనే కొనేటట్టయితే సూరత్ నుంచి నేరుగా తెప్పించుకుంటారు, మధ్యలో మేమెందుకు? ఆ మధిర అక్క మళ్లీ రాలేదు. నేను ఫోన్ చేస్తే మంచిగానే మాట్లాడారు, వస్తాలే అన్నయ్యా అన్నారు. రారని మాకిద్దరికీ తెలుసు. కెమెరాలు మా డబ్బుతో పెట్టుకున్నాం. గూర్ఖాకి మేమే ఇస్తున్నాం. ట్రేడ్ లైసెన్సు, ఆస్తిపన్ను, జీఎస్టీ ఏదీ ఎగ్గొట్టలేదు. స్తంభానికి దీపం వేయమంటే మాత్రం కుదరడం లేదు.

డబ్బు పోవడం కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇంకొకటి ఉంది. మా కుర్ర వ్యాపారులకి పోలీసు మీద, కార్పొరేషన్ మీద నమ్మకం పోయింది. స్టేషన్‌కి వెళ్లి లాభం లేదు, మనమే చూసుకుందాం అంటున్నారు. మొన్న గ్రూపులో ఒకడి ఫొటో పెట్టి, దొంగ, కనబడితే వదలొద్దు అని రాశారు. నేను గుర్తుపట్టాను. మతిలేక మార్కెట్ చుట్టూ తిరిగే మనిషి, ఎవరైనా ఇడ్లీ పెడితే తింటాడు, లేకపోతే లేదు. గ్రూపులో అందరితో గొడవపడి ఆ ఫొటో తీయించాను. నేను చూడని ఫొటోల సంగతి ఏమిటి? రేపు ఏ అర్ధరాత్రో పదిమంది చేరి ఒక అమాయకుణ్ని కొట్టి చంపితే ఎవరిది బాధ్యత?

చేయగలరు సార్, మీరు తలుచుకుంటే. అన్న క్యాంటీన్లు 2019లో మూసేస్తే 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పూటకి అయిదు రూపాయలతో మా ముఠా కార్మికుడు రెండు పూటలా కడుపునిండా తింటున్నాడు. ఆ సంగతి ఆయనే చెబుతాడు. అంత పెద్ద పని చేసినవారికి ఒక తాళం తీయించడం కష్టమా? గంజాయి మీద ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టారు, 1972 నంబరు ఇచ్చారు. మంచిదే. అడవిలో ఆకు పట్టుకోవడంతో పాటు మా వీధిలో పొట్లం ఎవరు అమ్ముతున్నారో కూడా చూడమనండి. దొరికిన కుర్రాళ్లని రెండు రోజులు ఉంచి వదిలేస్తే మూడో రోజు మా మలుపులోనే ఉంటున్నారు. నేరం చేసినవాడి మీద కేసు కట్టండి, మత్తుకి బానిసైనవాణ్ని చికిత్సకి పంపండి. వాళ్లూ ఎవరి పిల్లలో.

ఆ భవనం తాళం తీయించండి. ఆధార్ లేకపోయినా లోపలికి రానివ్వండి, లారీల వేళలకి తగ్గట్టు గేటు తెరిచి ఉంచండి, ఆడవాళ్లకి వేరే వసతి చూడండి. మలుపులో దీపం వేయించండి. ఫిర్యాదు ఇస్తే రసీదు ఇప్పించండి. పడుకున్నవాళ్లని వేలిముద్రల కోసం లేపడం ఆపించండి. దయచేసి తాళం తీయించండి, రెండోసారి రాస్తున్నందుకు ఏమనుకోకండి.

ముఠా కార్మికుడు ఇప్పుడు మా మెట్ల మీద పడుకోవడం లేదు. రైవస్ కాలువ గట్టు మీద ఎక్కడో ఉంటున్నాడట, పనికి మాత్రం వస్తున్నాడు. మీరు విజయవాడలో ఉన్నప్పుడు ఒక రాత్రి పదకొండు దాటాక ఇటు రండి. ముందుగా ఎవరికీ చెప్పకుండా రండి సార్. చెబితే ఆ ఒక్కరాత్రికి దీపాలు వెలుగుతాయి, మెట్లన్నీ ఖాళీ చేయిస్తారు, మీకు మా వీధి కనబడదు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక బట్టల వ్యాపారి,
వన్‌టౌన్, విజయవాడ