ఆ గుండుకు మొద్దు ముక్కు ఎందుకు?

సంపాదకులకు,

లీవర్ యాక్షన్ రైఫిళ్లపై (కింది మీటను ఆడించి తూటా ఎక్కించేవి) మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం మొనదేలిన గుండే ఎప్పుడూ మేలన్నట్టు రాసింది. తూటాలు సాధారణంగా పెట్టెలో ఒకదానిపై ఒకటి ఉండే బోల్ట్ రైఫిల్‌కైతే సరే. లీవర్ రైఫిలైన వించెస్టర్ 94లో తూటాలు నళిక కిందుండే మ్యాగజైన్ గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే తూటాను పేల్చే అడుగు బిళ్లకు) ఆనుతుంది. కాల్చినప్పటి తన్నుకు అది పిన్నులా గుచ్చుకుంటే తూటా గొట్టంలోనే పేలొచ్చు, అదీ ఎడమచేతి పట్టు దగ్గరే. అందుకే బల్లపరుపు ముక్కు. మెత్తటి పాలిమర్ మొన ఉన్న హార్నడీ గుండ్లు మినహాయింపు. పెట్టె మ్యాగజైన్ ఉన్న వించెస్టర్ 1895కు ఈ బెడద లేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, దానికి 1991లో చేసిన సవరణతో వేటకు తెరపడింది కాబట్టి ఇదంతా అమెరికా లెక్క. అక్కడి వైట్‌టెయిల్ జింకకు .30-30 అనే తూటాలో 170 గ్రెయిన్ల, అంటే 11 గ్రాముల గుండు చాలు. 100 గజాలకు గురి సరిచేసిన ఆ గుండు 200 గజాల దగ్గర 8-9 అంగుళాలు కిందికి దిగుతుంది. 150 దాటితే కాల్చకపోవడమే నయం.

మూస్ అనే భారీ దుప్పికి .45-70 తూటా మంచిదే. అయితే అది 1873 నాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా. కొత్త మార్లిన్ లీవర్ రైఫిల్‌కని ఘాటుగా నింపినదాన్ని ఆ పాత తుపాకీలో పెడితే బ్రీచ్ (తూటా పెట్టే వెనక భాగం) పగలొచ్చు. డబ్బా మీద ఏ రైఫిల్‌కో చదవనివాళ్లే ఎక్కువ!

తూటాలు సొంతంగా నింపుకునేవారు తూటా తొడుగు అంచును గుండు గాడిలోకి గట్టిగా నొక్కాలి. వదులైతే గొట్టంలోని స్ప్రింగూ తన్నూ కలిసి గుండును తొడుగు లోపలికి తోస్తాయి, పీడనం పెరిగిపోతుంది.

- ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు